ట్రాక్టరు ఆల్టర్నేటరు – లోపములు, మరమ్మతు

దుక్కికి అదను దాటుచున్న వేళ ట్రాక్టరు స్టార్టు కానిచో, చాలమంది బ్యాటరీయే పోయినదని తలచి క్రొత్తది కొనుచున్నారు. లోపము ఆల్టర్నేటరులో నున్నచో ఆ క్రొత్త బ్యాటరీయు కొద్ది రోజులకే దిగిపోవును. కావున ముందుగా ఈ పరీక్షలు చేయుడు.

1. తాళము త్రిప్పినపుడు ఛార్జింగు ఎర్రదీపము వెలిగి, ఇంజను నడువగానే ఆరవలెను. ఆరనిచో ఛార్జి అగుటలేదని గుర్తు. అసలు వెలుగనిచో బల్బును, దాని తీగను చూడుడు.

2. ఇంజను ఆపి బెల్టును నడుమ బొటనవ్రేలితో నొక్కుడు. సాధారణముగా అర అంగుళము దిగవలెను. వదులైన బిగించుడు, పగిలిన మార్చుడు.

3. బ్యాటరీ కొనలపై పేరిన పొడిని వేడినీటితో కడిగి బిగించుడు. ఎర్తు తీగను మొదట విప్పి, చివర బిగింపవలెను.

4. పూర్తిగా ఛార్జియైన 12 వోల్టుల బ్యాటరీ, ఇంజను ఆగియుండగా మీటరుపై సుమారు 12.6 చూపును. ఇంజను నడుచునపుడు అది సుమారు 14కు పెరుగవలెను. పెరుగనిచో, పంచె, తువాలు బెల్టుకు తగులకుండ సర్దుకొని, ఆల్టర్నేటరు పెద్ద తీగ కొనవద్ద చూడుడు. అచ్చట సరిగా నున్నచో దోషము తీగదే. అచ్చటను తక్కువైనచో బ్రష్షులు, రెగ్యులేటరు, డయోడ్లు మెకానిక్కుచే పరీక్ష చేయింపుడు. 15 దాటినచో రెగ్యులేటరు చెడినట్లే. బ్యాటరీ నీరు త్వరగా ఇంకిపోవును.

హెచ్చరిక: ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగ విప్పి పరీక్షించుట డైనమోల నాటి అలవాటు. ఆల్టర్నేటరు విషయమున అట్లు చేసిన డయోడ్లు కాలిపోవచ్చును. వెల్డింగునకు ముందు మాత్రము, ఇంజను ఆపి, బ్యాటరీ, ఆల్టర్నేటరు తీగలు తప్పక విప్పవలెను.

బ్రష్షులు మాత్రమే అరిగినచో వానిని మార్చిన చాలును. ఆల్టర్నేటరు మొత్తము కొననక్కరలేదు.