మాట మార్చే పాటదారుతో వ్యవహరించడం ఎలా?

(మా వాణిజ్య విలేఖరి)

హైదరాబాద్: వేలంపాట కంప్యూటరు తెర మీదికి వచ్చాక వర్తకులకు తిరుగుడు తగ్గింది గాని, మాట తప్పే పాటదారుల బెడద తగ్గలేదు. లైసెన్సు ఉన్న వర్తకుడు యూసుఫ్‌గూడలోని తన గదిలో కూర్చొని నిజామాబాద్ యార్డులోని పసుపు రాశికి ధర వేయవచ్చు. కొమ్ము విరిచి చూసేది లేదు, పక్క పాటదారు ముఖం చూసేది లేదు. మాట ఇవ్వడం ఎంత తేలికయిందో, వెనక్కు తీసుకోవాలనిపించడం కూడా అంత తేలికయింది.

జాతీయ వ్యవసాయ మార్కెట్టు (ఇ-నామ్) 2016 ఏప్రిల్ 14న ప్రారంభమయింది. తొలి దశలో చేరిన యార్డులలో నిజామాబాద్ ఒకటి. ఈ పద్ధతిలో ధర గిట్టకపోతే రైతు సరకు ఇవ్వనని చెప్పవచ్చు. మరి కొనేవారికి అటువంటి వెసులుబాటు ఉన్నదా? ఉన్నది, అయితే పాట ఖాయమయ్యే వరకే.

సుత్తి దెబ్బ ఎక్కడ?

1930 నాటి సరకుల విక్రయ చట్టం 64వ సెక్షను ప్రకారం సుత్తి దెబ్బతో గాని, వాడుకలో ఉన్న మరో పద్ధతిలో గాని ప్రకటించినప్పుడే వేలం అమ్మకం పూర్తవుతుంది. అంతవరకు ఎవరైనా తమ పాటను ఉపసంహరించుకోవచ్చు. కంప్యూటరు పాటలో సుత్తి లేదు గనుక ఏ గడియకు, ఏ ప్రకటనతో పాట ఖాయమవుతుందో అమ్మకందారు ముందే రాసి ఉంచాలి. తగాదాలలో చాలా వరకు ఇది రాయకపోవడం వల్ల వచ్చేవే. ఒప్పందం కంప్యూటరు ద్వారా కుదిరిందన్న ఒక్క కారణంతో అది చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం 10ఎ సెక్షను చెబుతున్నది.

మాట మార్చేవారందరూ ఒక కోవకు చెందరు. 12,500 వేయబోయి ఒక సున్న ఎక్కువ నొక్కినవారు కొందరు. ఒక పక్షం పొరపాటు పడినంత మాత్రాన ఒప్పందం రద్దుకాదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 22వ సెక్షను అంటున్నది. అయినా కంటికి కనిపించే ఇటువంటి తప్పును వెంటనే తెలియజేస్తే వదిలివేయడమే వర్తక మర్యాద. సరకు నమూనాకు తగ్గట్టు లేదనే వారు మరికొందరు. వారి మాట వినాలి, తేమ పరీక్ష చీటీ చూపాలి, అవసరమైతే మళ్లీ తూచాలి, చూడాలి. ఇక మూడో రకం వారు మధ్యాహ్నానికి వాయిదా బజారు మందగించేసరికి వెనకడుగు వేసేవారు. వీరిని మాత్రం వదలరాదు. తేజీ వస్తే లాభం తమదే అనుకున్నవారు మందీ వస్తే నష్టం కూడా భరించాలి.

నోటీసు మరవరాదు

ఉదాహరణకు 30 క్వింటాళ్ల రాశిని ఒకరు క్వింటాలు 12,500 రూపాయలకు పాడి వెనుదిరిగారు. మర్నాడు అదే రాశి 11,900కు పోయింది. తేడా 600 చొప్పున 18,000 రూపాయలు. దీనిని రాబట్టాలంటే తిరిగి అమ్మబోతున్నట్లు తొలి పాటదారుకు ముందుగా నోటీసు ఇచ్చి, సొమ్ము చెల్లించడానికి తగిన గడువు ఇవ్వాలి. పాడైపోయే సరకుకు మాత్రం మినహాయింపు ఉన్నది. నోటీసు లేకుండా అమ్మితే నష్టం అడిగే హక్కు పోతుంది. పైపెచ్చు లాభం వస్తే అది తొలి పాటదారుకు చెందుతుందని 54వ సెక్షను చెబుతున్నది. రెండో పాటదారు 12,350 పాడి ఉన్నాడు గదా అని సరకు అతనికి అంటగట్టడం కుదరదు. పై పాట పడగానే అతని పాట పోయినట్లే. అతనిని మళ్లీ అడగవలసిందే.

ధరావతు జప్తు చేసేవారు కూడా ఆలోచించాలి. 1982లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ వేలంలో 3.12 కోట్లకు పాడినవారు 78 లక్షలు ధరావతు కట్టారు. తరువాత సంస్థ దానిని జప్తు చేసి, అదే స్థలాన్ని 1994లో 11.78 కోట్లకు అమ్మింది. కొన్నవారు ఒప్పందం తప్పలేదని, సంస్థకు నష్టమే లేదని చెప్పి, సొమ్ము తిరిగి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పింది. ధరావతు నష్టం పూడ్చుకోవడానికే గాని లాభం చేసుకోవడానికి కాదన్నమాట.

కాబట్టి అమ్మకందారులు పాటకు ముందే నాలుగు సంగతులు రాసి చూపడం మేలు: పాట ఖాయమయ్యే గడియ, పొరపాటు చెప్పుకునే గడువు, నమూనా వివరం, ధరావతు షరతు. దలాలీలు తమ ఖాతాదారుకు ఇవి చదివి వినిపించిన తరువాతే ధర వేయాలి. ఖాతాదారు వెనుదిరిగితే ముందుగా మాట పడవలసింది, మరుసటి పాటలో నమ్మకం పోగొట్టుకోవలసింది దలాలీయే.