మొండితనమా? ఇంద్రియవేదనయా?

తరగతిలో ముప్పదిమంది బాలురుందురు. బడిగంట మ్రోగినంతనే తక్కినవారందరు ఉత్సాహముతో లేచెదరు. ఒక్కడు మాత్రము రెండు చెవులు మూసికొని బల్లక్రింద దూరును. గంజిపెట్టిన చొక్కా తొడిగిననాడు వాడు పాఠము వినడు, మెడ గోకికొనుచుండును. మధ్యాహ్నభోజనవేళ స్టీలుకంచముల మోతకు అన్నము విడిచి లేచిపోవును. ఇట్టివానికి మనము సులభముగా పెట్టు పేరొకటున్నది: మొండివాడు. ఆ పేరు ఒకమారు అంటుకొనినచో తరగతి మారినను, ఉపాధ్యాయుడు మారినను వానిని విడువదు. కాని ఆ గంట వాని చెవికి ఎట్లు వినబడుచున్నదో మనలో ఎందరము అడిగితిమి?

జ్ఞానేంద్రియములు ఐదని మన పెద్దలు చెప్పిరి. ఆధునిక శరీరశాస్త్రము వీనికి మరికొన్నిటిని చేర్చినది. లోపలిచెవిలోని అర్ధవృత్తాకార నాళములు తల యెటు తిరిగినదో తెలుపును. కండరములు, కీళ్లు మన అవయవములు ఎచ్చట నున్నవో చెప్పుచుండును. అందుచేతనే కన్నులు మూసికొనియు ముద్దను నోటికి చేర్చగలుగుచున్నాము. ఇన్ని ద్వారములనుండి వచ్చు వార్తలలో అవసరమైనదానిని గ్రహించి, తక్కినదానిని ప్రక్కకు నెట్టుట మెదడు పని. తొడిగిన బట్ట ఒంటిపై నున్న సంగతిని కొలదిసేపటిలో మరచుట ఈ వడపోత వలననే. కొందరు పిల్లలలో ఈ వడపోత వేరు విధముగా సాగును.

అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఏర్స్ ఈ విషయమును దీర్ఘకాలము పరిశీలించి 1972లో గ్రంథము ప్రకటించెను. కొందరికి స్వల్పధ్వనియు పిడుగువలె నుండును. కొందరికి మోకాలు చెక్కుకొని రక్తము కారినను వెంటనే తెలియదు. మరికొందరు ఎంత తిరిగినను, ఎంత దుమికినను తనివి చెందక, చొక్కా అంచు నములుచు, గోడకు ఒరుగుచు నుందురు. ఒకే బాలునిలో ఈ భేదములు కలిసియు నుండవచ్చును.

1943లో లియో కానర్ ఆటిజము గల పదునొకండుగురు పిల్లలను వర్ణించినపుడే పెద్ద చప్పుళ్లకు వారు పడు భయమును గుర్తించెను. 2013లో అమెరికా మానసికవైద్యుల రోగనిర్ణయ గ్రంథము ఈ ఇంద్రియభేదములను ఆటిజము లక్షణములలో చేర్చినది. అయినను వీనిని ప్రత్యేకవ్యాధిగా అంగీకరింపలేదు. ఈ భేదము గల పిల్లలందరికిని ఆటిజము ఉండవలెనను నియమము లేదు. కనుక వ్యాధికి పేరు పెట్టుట ఉపాధ్యాయుని పని కాదు. సందేహము కలిగినపుడు మొదట చెవులను, కన్నులను వైద్యునిచేత పరీక్షింపజేయవలెను.

టెంపుల్ గ్రాండిన్ కథ ఉపాధ్యాయులకు తెలియదగినది. 1947లో అమెరికాలో జన్మించిన ఈమె ఆటిజము గల వ్యక్తి. తరువాత పశుశాస్త్రములో ఆచార్యపదవి నందెను. చిన్ననాట బడిగంట మ్రోగినపుడు దంతవైద్యుని యంత్రము నరమును తాకినట్లు ఉండెడిదని ఆమె వ్రాసికొనెను. ఎవరైన కౌగిలించుకొన వచ్చినచో ఆమె భరింపలేకపోయెడిది. అయినను గట్టి ఒత్తిడి దేహమునకు శాంతి నిచ్చెడిది. పశువులను కదలకుండ పట్టియుంచు బోనును చూచి, యౌవనారంభమున తనకొరకు అట్టి యంత్రమొకటి నిర్మించుకొనెను. పెద్దలు కొందరు దానిని వింతచేష్టగా భావించి తొలగింపజూచిరి. విజ్ఞానశాస్త్రము బోధించు కార్లాక్ అను ఉపాధ్యాయుడు మాత్రము, ఒత్తిడి వలన మనస్సు ఏల శాంతించునో శాస్త్రగ్రంథములు చదివి తెలిసికొనుమని ప్రోత్సహించెను. ఆ ప్రశ్నయే ఆమెను శాస్త్రమార్గమున నడిపించినది. ఒకే చేష్టను కొందరు దోషముగా చూచిరి. ఒకరు ప్రశ్నగా చూచిరి. ఆ బాలిక భవిష్యత్తు ఈ రెండు చూపుల నడుమ నిలిచియుండెను.

బడిలో చేయదగిన సాయమునకు ధనవ్యయ మక్కరలేదు. గంట కొట్టుటకు ఒక నిమిషము ముందు మెల్లగా చెప్పవచ్చును. వాకిలికి, చప్పుడుచేయు ఫ్యానుకు దూరముగా కూర్చుండబెట్టవచ్చును. వరుసలో త్రోపులాటకు చిక్కకుండ మొదటనో చివరనో నడువనీయవచ్చును. కదలక కూర్చుండలేనివానికి నల్లబల్ల తుడుచుట, పుస్తకముల కట్టను ప్రక్కగదికి చేర్చుట వంటి పనులొప్పగించినచో దేహమునకు కావలసిన కదలిక దొరకును. వెనుకనుండి అకస్మాత్తుగా భుజము తట్టుట మాని, ఎదుటికి వచ్చి పిలిచిన చాలును. ఏడ్పు ఏ వేళ, ఎచ్చట, దేని తరువాత వచ్చుచున్నదో రెండు వారములు వ్రాసి చూచినచో చాలవరకు కారణము బయటపడును.

ఇంటిలో క్రొత్తబట్టలను రెండు మూడుసారులు ఉతికి మెత్తబరచి, మెడవెనుక పట్టీని కత్తిరింపవలెను. తలంటునపుడు, జడ వేయునపుడు, గోళ్లు తీయునపుడు ముందుగా చెప్పి, ఎన్ని అంకెలు లెక్కించువరకు సాగునో తెలిపినచో ఓర్చుకొనుట సులభము. తేలికగా తాకినపుడు ఉలికిపడు పిల్లలలో కొందరు అరచేతితో నిదానముగా అదిమినచో శాంతింతురు. బెండకాయ జిగురు నోటికి సహింపనివానికి దానిని బలవంతముగా పెట్టరాదు. ఇష్టమైన పదార్థము ప్రక్కన క్రొత్తదానిని కొంచెముంచి, తాకుట, వాసన చూచుట, రుచి చూచుట ఒక్కొక్క మెట్టుగా సాగనీయవలెను. బరువు తగ్గుచున్నచో వైద్యునికి చూపవలెను.

దీపావళి బాణసంచా, వినాయకచవితి పందిళ్లలోని మైకులు ఇట్టి పిల్లలకు పండుగను భయముగా మార్చును. చప్పుడు ఎప్పుడు మొదలగునో ముందే చెప్పి, లోపలిగది ఒకటి సిద్ధముగా నుంచి, చెవులకు కొంతసేపు రక్షణ నిచ్చినచో వారును మతాబు వెలుగును చూచి సంతసింతురు. దినమంతయు చెవులు మూసియుంచుట మాత్రము తగదు. నిశ్శబ్దమునకే అలవాటుపడిన చెవికి చిన్నధ్వనియు పెద్దదగును. చికిత్సల విషయమునను తొందర కూడదు. వీని ఫలితములకు ఆధారములు పరిమితమని 2012లో అమెరికా శిశువైద్యుల సంఘము హెచ్చరించినది. కనుక ఆశ చూపి ధనము గుంజువారి మాటలను నమ్మకుండుట మేలు.

ఒకనికి మినహాయింపు నిచ్చినచో క్రమశిక్షణ చెడునని కొందరు శంకింతురు. కళ్లజోడు పెట్టుకొన్న బాలుని చూచి తక్కినవారికి అన్యాయము జరిగినదని ఎవరును అనరు కదా! పైగా మన దేశములో 2009 నాటి విద్యాహక్కు చట్టము విద్యార్థులను కొట్టుటను, మానసికముగా హింసించుటను నిషేధించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును తన పట్టికలో చేర్చి, వికలాంగ విద్యార్థుల అవసరములకు తగిన సర్దుబాట్లు చేయుట విద్యాలయముల విధిగా విధించినది.

విద్యార్థులారా! మీ ప్రక్కబల్లపై చెవులు మూసికొను మిత్రుని చూచి నవ్వకుడు. వాని చెవి దగ్గర కేక వేసి పరిహసింపకుడు. ఉపాధ్యాయులారా! బెత్తము భయమున వాడు చెవులపై చేతులు తీసివేయవచ్చును. కాని చెవిలోని బాధ తగ్గదు. దానిని మనకు చెప్పుట మాత్రము వాడు మానివేయును. బిడ్డ తన బాధను చెప్పుకొనలేని బడిలో ఎంత గొప్ప పాఠము చెప్పినను అది వాని చెవికి చేరదు.