పుల్లరి: పసుల కాపరుల బ్రతుకు

పార్సిప్పనీలో పెరుగుతున్న మన పిల్లలకు పాలు దుకాణం నుండి వస్తాయి. మన పూర్వీకుల ఊళ్ళలో పాల వెనుక ఆవు, ఆవు వెనుక గొల్ల, గొల్ల వెనుక పచ్చిక ఉండేవి. ఆ పచ్చిక ఎవరిది అన్న ప్రశ్న మీదనే కాపరుల బ్రతుకు ఆధారపడింది.

వానకాలంలో ఊరి బీళ్ళలో, ఎండలు ముదిరితే అడవిలో, ఏటి ఒడ్డున మందను మేపేవారు. కోత అయిన పొలంలో రాత్రిపూట మందను నిలిపితే నేలకు ఎరువు దక్కేది. అందుకు రైతు ధాన్యం కొలిచేవాడు. పాలు తోడుపెట్టి, చిలికి, వెన్న కాచి నెయ్యి అమ్మేవారు. కోడెలు నాగలికి పోయేవి. మందే వారి ఆస్తి.

అయితే మేతకు పన్ను ఉండేది. దాని పేరు పుల్లరి. 13వ శతాబ్దపు కాటమరాజు కథకు మూలం ఇదే. కరవు వచ్చి కాటమరాజు తన ఆలమందలను నెల్లూరు సీమకు తోలుకొని వెళ్ళాడు. మేతకు బదులు కోడెదూడలను ఇస్తానని నల్లసిద్ధిరాజుతో ఒప్పందం చేసుకున్నాడు. తరువాత రాజు మనుషులు ఆవులకు హాని చేశారని పుల్లరి కట్టనన్నాడు. తగవు పెరిగి పంచలింగాల వద్ద యుద్ధమయింది. ఖడ్గతిక్కన అందులోనే మరణించాడు. ఈ కథను గొల్లలకు కొమ్మువారు పాడుతూ వచ్చారు.

ఆంగ్లేయుల కాలంలోనూ పుల్లరి పోలేదు. పల్నాటి అడవులలో పశువులను మేపినందుకు పన్ను కట్టమంటే రైతులు ఎదురు తిరిగారు. వారికి ముందు నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు కాల్పులకు బలి అయ్యాడు.

నల్లమలలోని అమ్రాబాదు ప్రాంతంలో తెల్లని ఒంటిమీద పొడలుండే పొడతూర్పు ఆవులను కాపరులు నేటికీ పెంచుతున్నారు. అది ఇప్పుడు గుర్తింపు పొందిన జాతి. కాని ఆ అడవి పులుల అభయారణ్యం కూడా. అక్కడ మేతకు కట్టుబాట్లున్నాయి. పులిని కాపాడాలి, మందా బ్రతకాలి. పాత ప్రశ్న కొత్త రూపంలో వచ్చింది.

ఇది మనకెందుకు? మారిషస్, నాటాల్, ఫిజీ చెరకుతోటలకు వెళ్ళిన మనవారు కూడా ఒప్పందాన్ని నమ్మి వెళ్ళినవారే. మాట తప్పినప్పుడు ఎదురు చెప్పే బలం వారిలో చాలామందికి లేకపోయింది. తోటపని తీరాక ఒక ఆవును కట్టుకోగలిగితే, గడ్డి కోసి తెచ్చి మేపి, పాలు అమ్మి, పిల్లలను చదివించుకున్నారు. మీ ఇంటి పెద్దలను ఆ ఆవు పేరు అడగండి. గడ్డి ఎక్కడి నుండి తెచ్చేవారో కూడా అడిగి వ్రాసి ఉంచండి. మన చరిత్రలో అదీ ఒక పుట.