ఇనావుల్ పండుగ: ఒక బట్ట నేర్పే పాఠం



పండుగ అనగానే మనకు కొత్త బట్టలు గుర్తుకొస్తాయి. కానీ బట్టకే పండుగ చేసే ప్రజలు కూడా ఉన్నారు. వాళ్ళే ఫిలిప్పీన్స్ దేశానికి చెందిన మగిందనావన్ ప్రజలు. ఆ బట్ట పేరు ఇనావుల్. మన ఇళ్ళలో మొట్టమొదట డిగ్రీ చదివి, ఇప్పుడు పి.జి. చేస్తున్న మాలాంటి పూర్వ విద్యార్థులకూ, ఇక్కడ చదువుకుంటున్న తమ్ముళ్ళకూ, చెల్లెళ్ళకూ ఈ పండుగ నుంచి తెలుసుకోదగినది చాలా ఉంది. అందుకే ఈ వ్యాసం.

ఎవరీ మగిందనావన్లు?

ఫిలిప్పీన్స్ ఏడు వేలకు పైగా దీవులున్న దేశం. అందులో దక్షిణాన ఉన్న పెద్ద దీవి మిండనావ్. అక్కడ ఏటా వరద నీటితో నిండే నదీ మైదానంలో వీరు నివసిస్తారు. వారి పేరుకే 'వరద మైదానపు జనం' అని అర్థం. దేశంలో ఎక్కువమంది క్రైస్తవులైతే వీరు ముస్లింలు. 17వ శతాబ్దంలో వీరి సుల్తాను కుదరత్ స్పెయిన్ సైన్యాలకు లొంగకుండా పోరాడాడు.

ఆ ప్రాంతంలోని ముఖ్య పట్టణం కొటబాటో. 'కూటా వాటో' అనే మాట నుంచి ఆ పేరు వచ్చింది. 'రాతి కోట' అని దాని అర్థం. ఆ 'కూటా', మన 'కోట' ఒకే కుటుంబపు మాటలు! పూర్వం ఓడల మీద సరుకులతో పాటు మాటలు కూడా సముద్రం దాటాయనడానికి ఇదొక నిదర్శనం.

ఇనావుల్ అంటే ఏమిటి?

ఇనావుల్ అంటే వారి భాషలో 'నేసినది' అని అర్థం. నూలు, పట్టు, రేయాన్ దారాలతో చెక్క మగ్గం మీద ఆడవాళ్ళు దీన్ని నేస్తారు. ఈ విద్య తల్లి నుంచి కూతురికి వస్తుంది. పుస్తకంలో చూసి నేర్చుకున్నది కాదు. చేమ మొక్కను చూసి ఒక డిజైను, మోచేతి వంపును చూసి మరో డిజైను, ఇలా చుట్టూ కనిపించేవే బట్ట మీదికి వచ్చాయి. రంగులకూ అర్థం ఉంది. పసుపు రాజవంశానికి గుర్తు, ఎరుపు ధైర్యానికి గుర్తు.

ఇందులో 'బినలుదన్' అనే రకం మనకు బాగా దగ్గరది. నేయడానికి ముందే దారాన్ని అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. కట్లు విప్పి మగ్గానికి ఎక్కిస్తే డిజైను తేలుతుంది. మన పోచంపల్లిలో, పుట్టపాకలో చేసే చిటికి పని కూడా ఇదే పద్ధతి. దీన్ని ప్రపంచమంతా 'ఇకత్' అంటోంది. కట్టడం అనే అర్థమున్న మలయ్ భాషా పదమది.

ఇనావుల్‌తో ముఖ్యంగా 'మలోంగ్' తయారుచేస్తారు. అది రెండు అంచులూ కలిపి కుట్టిన గొట్టం లాంటి బట్ట. మన లుంగీకి దగ్గరి చుట్టం అనుకోవచ్చు. ఆడా మగా ఇద్దరూ కట్టుకుంటారు. అదే రాత్రికి దుప్పటి, బిడ్డకు ఉయ్యాల, బట్టలు మార్చుకునేటప్పుడు చాటు, చివరికి మనిషి పోయినప్పుడు కప్పే గుడ్డ. పుట్టిన దగ్గర నుంచి పోయే దాకా వెంట ఉండే బట్ట అనడంలో అతిశయోక్తి లేదు.

పండుగలో ఏం చూడవచ్చు?

ఇనావుల్ పండుగ మొదటిసారిగా 2017 ఫిబ్రవరిలో బులువన్ అనే పట్టణంలో జరిగింది. తర్వాతి సంవత్సరాల్లోనూ జరిగింది. అక్కడికి వెళ్ళేవారికి ముందుగా కనిపించేది బట్టల ప్రదర్శన. నేతగత్తెలు అందరి ఎదుట కూర్చొని నేసి చూపిస్తారు. ఇనావుల్ దుస్తులతో ఫ్యాషన్ షో, వీధుల్లో ఊరేగింపు ఉంటాయి.

వీరి సంగీతం కులింతంగ్. ఎనిమిది చిన్న కంచు గంటలను వరుసగా పేర్చి రెండు కర్రలతో వాయిస్తారు. సంప్రదాయంగా ఇది ఆడవాళ్ళ వాద్యం. దీని పక్కన గందింగన్ అనే నాలుగు పెద్ద గంటలు వేలాడుతుంటాయి. పెళ్ళికాని అమ్మాయిలు, అబ్బాయిలు నేరుగా మాట్లాడుకోకూడని రోజుల్లో ఈ గంటల మోతతోనే కబుర్లు పంపుకునేవారట. అందుకే వాటికి 'మాట్లాడే గంటలు' అని పేరు వచ్చింది.

ఇక తిండి సంగతి. అరటి ఆకులో అన్నం, పైన సన్నగా చీల్చిన కోడి మాంసం పెట్టి చుట్టేది పాస్టిల్. తక్కువ డబ్బుతో కడుపు నింపే పొట్లం. మన హాస్టల్ వాళ్ళకు నచ్చి తీరుతుంది!

ఆ పేరు వెనుక కన్నీరు

ఇంత అందమైన బట్ట ఉన్నా చాలాకాలం మగిందనావ్ అనగానే ప్రపంచానికి గుర్తొచ్చింది రక్తమే. 1970ల నుంచి అక్కడ ప్రభుత్వానికీ, ముస్లిం తిరుగుబాటుదారులకూ యుద్ధం సాగింది. ఎన్నో కుటుంబాలు ఊళ్ళు విడిచాయి. 2009 నవంబరు 23న ఎన్నికల నామినేషన్ వేయడానికి వెళ్తున్న వాహనాలను ఆపి 58 మందిని చంపేశారు. వారిలో 32 మంది పత్రికా రంగం వారు. చనిపోయిన వారిలో అభ్యర్థి ఎస్మాయిల్ మంగుదదాతు భార్య, అక్కచెల్లెళ్ళు ఉన్నారు. 2010లో ఆయనే గవర్నరయ్యారు. ఆయన పదవిలో ఉన్నప్పుడే ఇనావుల్ పండుగ మొదలైంది.

2014లో శాంతి ఒప్పందం కుదిరింది. 2019లో బంగ్సమోరో స్వయంపాలిత ప్రాంతం ఏర్పడింది. 2022లో ప్రజల ఓటుతో మగిందనావ్ రెండు రాష్ట్రాలుగా విడిపోయింది. వీటిని పండుగే తెచ్చిందని మేము చెప్పడం లేదు. అయితే హత్యల వార్తలతో మాత్రమే వినిపించిన పేరు ఒక బట్టతో కూడా వినిపించడం చిన్న విషయం కాదు. ఇతరులు పెట్టిన పేరుతో కాక, తమ చేతి పనితో తమను గుర్తించమని అడగడమే ఆ పండుగ సారాంశం.

మనం నేర్చుకోవలసింది

మన హాస్టల్లో డప్పు కొట్టేవారి పిల్లలున్నారు. చెప్పులు కుట్టేవారి పిల్లలు, చాపలు అల్లేవారి పిల్లలు, కూలికి వెళ్ళేవారి పిల్లలు ఉన్నారు. కాలేజీలో "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే మనలో చాలామందికి జవాబు గొంతులోనే ఆగిపోతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఇనావుల్ రాజులు కట్టిన బట్ట. దానికి మొదటి నుంచీ గౌరవం ఉంది. మన డప్పును మాత్రం చావుల దగ్గర వెట్టిగా కొట్టించారు. పనిలో నేర్పు ఎంత ఉన్నా, చేసినవాడిని ఊరి బయట నిలబెట్టారు. కాబట్టి "కులవృత్తిని గౌరవించండి" అని మనకెవరైనా తేలిగ్గా చెబితే ఒప్పుకోనక్కర లేదు. ఆ పనే చేయాలనే బలవంతం వేరు, ఆ పనిలోని విద్యను గుర్తించడం వేరు. తెలంగాణ ఉద్యమ సభల్లో అదే డప్పు తల ఎత్తుకుని మోగింది. వాద్యం మారలేదు, వాయించినవారు నిలబడిన చోటు మారింది.

మరొక మాట. పండుగ చేసినంత మాత్రాన కడుపు నిండదు. పోచంపల్లి ఇకత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఆ డిజైన్లను మిల్లు గుడ్డ మీద అచ్చు వేసి తక్కువ ధరకు అమ్ముతూనే ఉన్నారు. పేరు, కూలి, గౌరవం, ఈ మూడూ కలిసి వస్తేనే ఏ విద్య అయినా నిలుస్తుంది. చదువుకున్న మనం వాటిని అడగగలగాలి.

అందుకు ముందు మన ఇంటి విద్య మనకు తెలియాలి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మానాన్నల పక్కన ఒక పూట కూర్చోండి. వారి పనిముట్ల పేర్లు, పని చేసే పద్ధతి, దానికి దొరికే కూలి నోటుబుక్కులో రాసుకుని రండి. వచ్చే వార్షికోత్సవంలో మన హాస్టల్ గోడ ఒకటి వాటికే కేటాయిద్దాం. రాయడంలో సాయం చేయడానికి మేము వస్తాం.