మోటారు సైకిలు చైనుకు కందెన

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతము" అని సామెత. ఎడ్లబండి ఇరుసుకైనను మోటారు సైకిలు చైనుకైనను సూత్రమొక్కటే. రెండు భాగములు రాచుకొను చోట వాటి నడుమ నూనె పొర నిలిచియుండవలెను. అయితే చైనులో రాపిడి జరుగు చోటు కంటికి కనబడదు. అందుచేతనే చాలమంది పైపైన నూనె పూసి, పని తీరినదని తలచుచుందురు.

చైను నిర్మాణము

నేడు వాడుకలోనున్న రోలరు చైనును స్విట్జర్లాండులో జన్మించి ఇంగ్లండులో స్థిరపడిన హాన్స్ రెనోల్డ్ అను ఇంజనీరు 1880లో రూపొందించెను. దీనిలో ఇరుపక్కల ప్లేట్లు, వాటిని కలుపు పిన్ను, పిన్నును తొడుగువలె చుట్టియుండు బుష్, బుష్‌పై తిరుగు రోలరు ఉండును. రోలరు స్ప్రాకెట్ పళ్ల నడుమ కూర్చుండును. చైను వంగినప్పుడెల్ల పిన్ను బుష్ లోపల కొంచెము తిరుగును. అసలు అరుగుదల ఇక్కడనే జరుగును.

ఇది ఎన్నిసార్లు జరుగునో లెక్కింపవచ్చును. చైనులో 120 కీళ్లు, వెనుక స్ప్రాకెట్‌కు 42 పళ్లు, చక్రపు చుట్టుకొలత 1.9 మీటర్లు అనుకొందము. చైను ఒక చుట్టు తిరుగులోపల బండి సుమారు 5.4 మీటర్లు పోవును. చుట్టుకొక్కింటికి ప్రతి కీలు నాలుగు మారులు కదలును: ఒక్కొక్క స్ప్రాకెట్‌ను చేరునపుడు వంగును, విడుచునపుడు తిన్ననగును. అనగా 100 కిలోమీటర్ల ప్రయాణములో ప్రతి కీలు సుమారు 74 వేల మారులు కదలును.

చైను సాగునా?

చైను "సాగినది" అనుట వాడుక. నిజమునకు ప్లేట్లు సాగుట చాల తక్కువ. పిన్నులు, బుష్‌లు అరిగి కీళ్లు వదులగును. ఒక్కొక్క కీలులో అరుగుదల 0.1 మిల్లీమీటరే అయినను, 120 కీళ్లలో కలిసి అది 12 మిల్లీమీటర్లగును. అప్పుడు చైను పళ్లతో సరిగా కలియక వాటి కొనలవైపు ఎక్కును. పళ్లు కొక్కెములవలె అరుగును. అట్టి పళ్లపై కొత్త చైను వేసినను త్వరలోనే పాడగును. కావున చైనును, రెండు స్ప్రాకెట్లను కలిపి మార్చుట మంచిది. మరీ అరిగిన చైను పళ్ల మీద జారవచ్చును, తెగవచ్చును; తెగిన చైను చిక్కుకొని వెనుక చక్రము బిగిసిపోయినచో ప్రాణాపాయమే.

దుమ్ము, ఉప్పు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఎర్రనేలలు విస్తారముగా నున్నవి. వాటి దుమ్ములోని ఇసుక రేణువులు గట్టి ఉక్కును సైతము గీయగలవు. నూనెతో కలిసినచో అవి ఆకురాయివలె పనిచేయును. ఇక కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి వంటి తీరగ్రామములలోను, నౌపడ ఉప్పుమళ్ల పరిసరములలోను గాలియందే ఉప్పు ఉండును. ఇనుము తుప్పు పట్టుట విద్యుద్రసాయన చర్య. ఉప్పునీటిలో అయానులు హెచ్చుగా నుండుటచే ఆ చర్య త్వరపడును. పైగా సముద్రపుటుప్పు గాలిలోని తేమను పీల్చుకొనును. కనుక వాన లేని దినములలో కూడ చైను చెమ్మగిల్లియుండును.

చేయవలసిన పని

మొదట ఇంజను ఆపి, గేరు న్యూట్రలులో నుంచి, సెంటరు స్టాండు వేయవలెను. ఇంజను నడుచుచుండగా చైనును గుడ్డతో తుడువరాదు. గుడ్డతోపాటు వేళ్లు పళ్లలోనికి పోవును. చక్రమును చేతితోనే తిప్పవలెను. కిరసనాయిలు, మెత్తని బ్రష్షుతో మురికి తీసి, చైనును ఆరనీయవలెను. పెట్రోలు వాడరాదు. అది నిప్పునకు భయము. కొన్ని చైనులలో గ్రీజును లోపల నిలుపు రబ్బరు రింగులకును హాని.

ఆరిన పిమ్మట కొత్త గేరు ఆయిలును దిగువ వరుస లోపలివైపున, ప్లేట్ల సందులలో చుక్కలుగా వేయవలెను. పలుచని నూనె కేశనాళికా చర్యచే సందులోనికి చొచ్చును. చిక్కని గ్రీజు బయటనే నిలిచి దుమ్మును పట్టుకొనును. ఇంజనునుండి తీసిన పాత నూనెలో లోహపు రజను ఉండును గనుక అది పనికిరాదు. కొన్ని గంటలు ఆగి, బయటి నూనెను తుడిచివేయవలెను. సుమారు 500 కిలోమీటర్లకొకమారు ఇట్లు చేయుట మేలు. వానలో గాని, సముద్రతీరమున గాని తిరిగినచో అంతకు ముందే చేయవలెను. చైను వదులు ఎంత ఉండవలెనో బండితో ఇచ్చిన పుస్తకములో చూడవలెను. మరీ బిగించినచో బేరింగులు చెడును.

విద్యార్థులకొక ప్రయోగము

సాధారణ సైకిలు చైనులో పక్కపక్క పిన్నుల మధ్య దూరము 12.7 మిల్లీమీటర్లు, అనగా అర అంగుళము. చైనును బిగువుగా పట్టి, ఒక పిన్ను నడుమనుండి 20 ఎడములు కొలిచినచో కొత్తదానిలో 254 మిల్లీమీటర్లు రావలెను. 256.5 వచ్చినచో అది 1 శాతము పెరిగినట్లే, మార్చవలసినదే. పాఠశాలకు వచ్చు సైకిళ్ల చైనులన్నిటిని ఇట్లు కొలిచి, నూనె ఎరిగిన చైనులను, ఎరుగని చైనులను పోల్చి చూచినచో, కందెన విలువ మిల్లీమీటర్లలో తెలియగలదు.