మైపాడు లైను చివర ఓల్టేజి నిలుస్తుందా?

నెల్లూరు తీరంలోని మైపాడు చుట్టుపక్కల రొయ్యల గుంటలకు గండమంతా రాత్రిపూటే. పగలు నీటిలోని నాచు ప్రాణవాయువు ఇస్తుంది. చీకటి పడితే అదే నాచు రొయ్యలతో పోటీపడి పీల్చుకుంటుంది. తెల్లవారుజామున నీటిలోకి గాలిని చేర్చే ఏరియేటర్లు ఆగితే పంట పోయినట్టే. ఈ ఏరియేటర్ల మోటార్ల వేగాన్ని అవసరం మేరకు తగ్గించి కరెంటు ఆదా చేసే పరికరం వీఎఫ్‌డీ. డాబా మీది సోలార్ ఇన్వర్టరూ దాని జాతిదే. రెండూ పవర్ కన్వర్టర్లు.

పాతకాలపు బల్బుకు ఓల్టేజి తగ్గితే, అది లాగే కరెంటూ తగ్గుతుంది. వీఎఫ్‌డీ తీరు వేరు. మోటారుకు 10 కిలోవాట్లు కావాలంటే ఇచ్చితీరుతుంది. లోపలి డీసీ 560 వోల్టులున్నప్పుడు సుమారు 18 ఆంపియర్లు లాగేది, 500కి పడితే 20 లాగుతుంది. సబ్‌స్టేషన్ పక్కన దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. పొడవాటి లైను చివర మాత్రం, ఆ అదనపు కరెంటే ఓల్టేజిని ఇంకా కిందికి దించుతుంది. ఓల్టేజి ఊగడం మొదలవుతుంది. ఆ ఊగు తనంతట తాను సద్దుమణుగుతుందా, పెరిగిపోతుందా? విద్యుత్ వ్యవస్థ నిలకడ అంటే ఈ ప్రశ్నే.

దీని జవాబు ముందుగా తెలుసుకోవాలంటే గణిత నమూనా కావాలి. చిక్కేమిటంటే, కన్వర్టర్‌లోని స్విచ్చులు సెకనుకు వేలసార్లు మారుతుంటాయి. 1976లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు మిడిల్‌బ్రూక్, స్లోబోదాన్ చుక్ దీనికి దారి చూపారు: ప్రతి మార్పునూ లెక్కించకుండా ఒక్కో ఆవృత్తంలోని సగటును పట్టుకోవడం. సరఫరా వైపు ఇంపెడెన్సు (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) లోడు ఇంపెడెన్సు కన్నా బాగా తక్కువగా ఉంటే భయం లేదని మిడిల్‌బ్రూక్ అదే ఏడాది చెప్పిన సూత్రం నేటికీ అక్కరకొస్తోంది. స్విచ్చింగు వేగానికి దగ్గరపడే కదలికలు మాత్రం సగటు నమూనాకు అందవు.

పెద్ద గ్రిడ్‌లో ముప్పు ఇంకా పెద్దది. కృష్ణపట్నం దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు. వాటిలో తిరిగే రోటర్ల బరువు గ్రిడ్‌కు తగిలే కుదుపును కొంత ఆపుతుంది. ఓర్వకల్లు దగ్గరి 1000 మెగావాట్ల సోలార్ పార్కులో తిరిగే రోటరే లేదు, అంతా ఇన్వర్టర్లే. 2016 సెప్టెంబరు 28న సౌత్ ఆస్ట్రేలియాలో తుఫాను దెబ్బకు ఓల్టేజి పదేపదే పడింది. అలా నిర్ణీత సంఖ్యకు మించి పడితే ఉత్పత్తి తగ్గించాలన్న సెట్టింగు ఎనిమిది పవన విద్యుత్ కేంద్రాల్లో ఉంది. గ్రిడ్ నిర్వాహకులకు ఆ సంగతే తెలియదు. ఏడు సెకన్లలోపే 456 మెగావాట్లు తగ్గి, రాష్ట్రమంతా చీకటైంది.

సమీకరణాలెంత చక్కగా ఉన్నా లోపలి సెట్టింగులు తెలియకపోతే నమూనా మోసం చేస్తుంది. వ్యాపార రహస్యమంటూ తయారీదార్లు కంట్రోల్ ప్రోగ్రామును మూసిపెట్టడం ఇక చెల్లకూడదు. నెల్లూరు ఇంజనీరింగ్ విద్యార్థులకు ఒక విన్నపం: ప్రాజెక్టు పనికి ఈ తీరంలోని ఒక్క ఫీడరును (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైనును) తీసుకోండి. లైను పొడవు, ట్రాన్స్‌ఫార్మర్లు, గుంటల మోటార్లు, ఇన్వర్టర్ సెట్టింగులు రాసుకుని నమూనా కట్టండి. ఉచిత సాఫ్ట్‌వేరు సరిపోతుంది.