తేలికపాటి జెట్ విమానాల్లో ఆడియో ప్యానెల్, ట్రాఫిక్ హెచ్చరిక వ్యవస్థలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఆడియో ప్యానెల్ చేసే పనులను వివరించగలుగుతారు.
• ట్రాఫిక్ హెచ్చరిక వ్యవస్థల మధ్య తేడాలను గుర్తించగలుగుతారు.
• హెచ్చరిక వినిపించకపోవడానికి గల రెండు అర్థాలను ఉదాహరణతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

సెస్నా సైటేషన్ మస్టాంగ్, ఎంబ్రాయర్ ఫినామ్ 100 వంటి చిన్న జెట్ విమానాలను తేలికపాటి జెట్లు అంటారు. కొద్దిమంది ప్రయాణికులను మాత్రమే తీసుకుపోయే ఈ విమానాలను ఒకే పైలట్ నడిపే వీలుంది. పెద్ద విమానంలో ఒక పైలట్ విమానాన్ని నడుపుతుంటే రెండోవారు రేడియోలో మాట్లాడతారు. ఒకే పైలట్ ఉన్న జెట్‌లో ఈ రెండు పనులూ ఆ ఒక్కరివే. కళ్లు కాసేపు పరికరాల మీద, కాసేపు కిటికీ బయట ఉంటాయి. అందువల్ల కంట్రోలర్ ఆదేశం, ప్రయాణికుల మాట, పరికరాల హెచ్చరిక చాలావరకు చెవి ద్వారానే చేరాలి. ఆ శబ్దాలన్నిటినీ క్రమబద్ధం చేసేది ఆడియో ప్యానెల్.

2. ఆడియో ప్యానెల్

ఆడియో ప్యానెల్ మీది బటన్లను నాలుగు వర్గాలుగా విభజించవచ్చు.

అ) మాట్లాడే బటన్లు: పైలట్ మాట ఏ రేడియో నుంచి వెళ్లాలో ఇవి నిర్ణయిస్తాయి. విమానంలో సాధారణంగా రెండు రేడియోలు ఉంటాయి. పైలట్ ఒక సమయంలో ఒకదానిలోనే మాట్లాడతాడు.

ఆ) వినే బటన్లు: వీటితో ఒకటి కంటే ఎక్కువ రేడియోలను ఒకేసారి వినవచ్చు. ఉదాహరణకు మొదటి రేడియోలో కంట్రోలర్‌ను వింటూనే, రెండో రేడియోలో విమానాశ్రయ వాతావరణ సమాచారం వినవచ్చు. భూమి మీది మార్గదర్శక కేంద్రాలు పంపే మోర్స్ సంకేతాన్ని విని, తాను ఎంచుకున్న కేంద్రం అదేనా అని పైలట్ నిర్ధారించుకుంటాడు.

ఇ) ఇంటర్‌కామ్: విమానంలోని వారు హెడ్‌సెట్ల ద్వారా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఉపయోగపడుతుంది. రద్దీ సమయంలో ప్రయాణికుల సంభాషణ తనకు వినిపించకుండా పైలట్ తనను వేరు చేసుకోవచ్చు.

ఈ) స్పీకరు, ప్రయాణికులకు ప్రకటనలు చేసే బటన్లు.

ఆడియో ప్యానెల్‌కు విద్యుత్తు ఆగిపోతే ఏమవుతుంది? చాలా ప్యానెళ్లలో అప్పుడు పైలట్ హెడ్‌సెట్ నేరుగా మొదటి రేడియోకు కలుస్తుంది. మిగతా సౌకర్యాలు పోయినా కంట్రోలర్‌తో మాట్లాడే మార్గం మిగలాలన్నదే దీని ఉద్దేశం.

3. ట్రాఫిక్ హెచ్చరిక వ్యవస్థలు

విమానాల్లో ట్రాన్స్‌పాండర్ అనే పరికరం ఉంటుంది. ట్రాఫిక్ వ్యవస్థ 1030 మెగాహెర్ట్జ్‌పై ఒక ప్రశ్న పంపుతుంది. చుట్టుపక్కల విమానాల ట్రాన్స్‌పాండర్లు 1090 మెగాహెర్ట్జ్‌పై జవాబిస్తాయి. జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం, యాంటెనా ద్వారా దిశ, జవాబులోని సమాచారం నుంచి ఎత్తు తెలుస్తాయి. ట్రాన్స్‌పాండర్ లేని గ్లైడరు గాని, ట్రాన్స్‌పాండర్ పనిచేయని విమానం గాని ఈ వ్యవస్థకు కనిపించదని గమనించండి.

ఈ వ్యవస్థల్లో రెండు స్థాయిలు ఉన్నాయి. మొదటి స్థాయి వ్యవస్థలు 'ట్రాఫిక్, ట్రాఫిక్' అని హెచ్చరిస్తాయి. కొన్ని నమూనాలు ఎదుటి విమానం ఏ దిశలో, ఎంత దూరంలో ఉందో కూడా పలుకుతాయి. ఏం చేయాలో మాత్రం చెప్పవు. ఆ విమానాన్ని కంటితో వెతికి నిర్ణయం తీసుకోవలసింది పైలటే. రెండో స్థాయి అయిన టీసీఏఎస్-2, పైకి వెళ్లాలో కిందికి దిగాలో కూడా ఆదేశిస్తుంది. ఆ ఆదేశం కంట్రోలర్ మాటకు విరుద్ధంగా ఉంటే, పైలట్ ఈ వ్యవస్థ ఆదేశాన్నే పాటించాలి.

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద రెండు విమానాలు ఆకాశంలో ఢీకొని 349 మంది మరణించారు. ఆ తరువాత మన దేశం ఈ రక్షణ వ్యవస్థను తప్పనిసరి చేసింది. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం 5,700 కిలోలకు మించిన, లేదా 19 మందికి మించి ప్రయాణికులను తీసుకుపోగల టర్బైన్ విమానాలకు టీసీఏఎస్-2 స్థాయి రక్షణ ఉండాలి. మస్టాంగ్ గరిష్ఠ బరువు సుమారు 3,900 కిలోలు. ఫినామ్ 100 బరువు 5,000 కిలోల లోపే. అందుకే ఇటువంటి జెట్లలో మొదటి స్థాయి వ్యవస్థలు ఎక్కువగా కనిపిస్తాయి.

తెర మీద ఖాళీ వజ్రాకారం మామూలు ట్రాఫిక్‌ను, నిండు వజ్రాకారం దగ్గరగా ఉన్న ట్రాఫిక్‌ను, పసుపు వృత్తం హెచ్చరికను సూచిస్తాయి. పక్కన '+05' అని ఉంటే ఆ విమానం మనకంటే 500 అడుగులు పైన ఉందని అర్థం.

4. హెచ్చరిక చెవికి చేరే మార్గం

ట్రాఫిక్ హెచ్చరిక ఆడియో ప్యానెల్ గుండానే వస్తుంది. అయితే రేడియోను ఆపినట్లు బటన్ నొక్కి దీన్ని ఆపడం సాధ్యం కాకుండా, విడి మార్గంలో కలుపుతారు. పలు హెచ్చరికలు ఒకేసారి వస్తే ప్రాధాన్య క్రమం ఉంటుంది: ముందు ప్రమాదకరమైన గాలిమార్పు, తరువాత నేల సామీప్యం, ఆ తరువాతే ట్రాఫిక్. నేలకు బాగా దగ్గరగా ఉన్నప్పుడు ట్రాఫిక్ స్వరాన్ని వ్యవస్థే ఆపేస్తుంది. ఇన్ని ఏర్పాట్లున్నా, పైలట్ హెడ్‌సెట్ తీసి స్పీకరు కూడా ఆపి ఉంచితే హెచ్చరిక ఎవరికీ వినిపించదు.

5. నిశ్శబ్దానికి రెండు అర్థాలు

హెచ్చరిక వినిపించడం లేదంటే దగ్గర్లో విమానం లేదని ఒక అర్థం. వ్యవస్థే పనిచేయడం లేదన్నది రెండో అర్థం. చెవికి ఈ రెండూ ఒకేలా ఉంటాయి. ఈ తేడా ఎంత విలువైనదో తేలికపాటి జెట్ కంటే పెద్దదైన ఒక వ్యాపార జెట్ ప్రమాదం తెలుపుతుంది.

2006 సెప్టెంబరు 29న బ్రెజిల్‌లోని అమెజాన్ అడవుల మీద, 37,000 అడుగుల ఎత్తున ఎంబ్రాయర్ లెగసీ 600 జెట్, గోల్ సంస్థ బోయింగ్ 737 ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయి. బోయింగ్‌లోని 154 మందీ మరణించారు. దెబ్బతిన్న లెగసీ ఒక సైనిక స్థావరంలో దిగింది; అందులోని ఏడుగురూ బతికారు. కంట్రోలర్ల పొరపాట్లతో సహా దీనికి కారణాలు అనేకం. వాటిలో ఒకటి లెగసీ ట్రాన్స్‌పాండర్ పనిచేయకపోవడం. దానితో లెగసీ సొంత టీసీఏఎస్ ఆగిపోయింది. బోయింగ్‌లోని టీసీఏఎస్‌కు లెగసీ కనిపించలేదు. రెండు కాక్‌పిట్లలోనూ హెచ్చరిక రాలేదు. వ్యవస్థ ఆగిందన్న సంగతి లెగసీ తెర మీద అక్షరాలుగా ఉంది గాని, దానికి శబ్దం లేదు.

2007లో అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి, ఈ రక్షణ ఆగిపోయినప్పుడు కంటికీ చెవికీ తెలిసేలా, పైలట్ చూశానని ధ్రువీకరించేలా హెచ్చరిక ఉండాలని సిఫారసు చేసింది. అంటే ప్రమాదాన్ని చెప్పే స్వరం ఎంత అవసరమో, 'నేను పనిచేయడం లేదు' అని చెప్పే స్వరమూ అంతే అవసరం.

6. సారాంశం

ఆడియో ప్యానెల్ పైలట్ వినే శబ్దాలకు క్రమం కల్పిస్తుంది. ట్రాఫిక్ వ్యవస్థ ట్రాన్స్‌పాండర్ల జవాబుల మీద ఆధారపడుతుంది. తేలికపాటి జెట్‌లో గుర్తుచేసే రెండో పైలట్ లేకపోవచ్చు. కాబట్టి బయలుదేరే ముందు ట్రాఫిక్ వ్యవస్థను పరీక్షించి దాని స్వరం వినడం, ప్రయాణంలో ట్రాన్స్‌పాండర్ స్థితిని తెర మీద చూస్తూ ఉండడం, కిటికీ బయట గమనించడం మానరాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మాట్లాడే బటన్లకు, వినే బటన్లకు తేడా ఏమిటి?
2. మొదటి స్థాయి వ్యవస్థకు, టీసీఏఎస్-2కు గల ముఖ్య భేదాన్ని రాయండి.
3. లెగసీ ట్రాన్స్‌పాండర్ ఆగిపోవడం వల్ల రెండు విమానాలూ రక్షణ కోల్పోయాయి. ఎందుకో వివరించండి.